మేనమామ రాసిన కాగితాలు

బుకిట్ సెరాయ్ కొత్త ఊరు, పేరాక్, మలయా
ఫిబ్రవరి, 1952

తమ్ముడు థిన్ సెన్‌కి,

నువ్వు పంపిన నారింజల బుట్ట అందింది. గేటు దగ్గర పోలీసులు ఒక్కో పండునూ ఒత్తి ఒత్తి చూసి, బాగున్నవి తినేసి, మెత్తబడినవి మాకిచ్చారు. నారింజల్లో తూటాలు దాస్తామనుకుంటారో ఏమో. ఈ ఉత్తరం కూడా నీకంటే ముందు వాళ్ళే చదువుతారట. చదవనీ. ఆ వంకనైనా నాలుగు అక్షరాలు వస్తాయి.

సర్కారువాళ్ళు మా పాత ఇళ్ళు తగలబెట్టి ఇక్కడికి తోలి, దీనికి కొత్త ఊరని పేరు పెట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చుట్టూ ముళ్ళతీగ, నెత్తిన రేకులు. పొద్దున్నే రబ్బరు తోటకు పోయేటప్పుడు ఒళ్ళంతా తడుముతారు. అడవిలో ఉండి సర్కారు మీద పోరాడేవాళ్ళకు పెడతామేమోనని పిడికెడు అన్నం కూడా కట్టుకుపోనివ్వరు. ఖాళీ కడుపుతో చెట్లకు గాట్లు పెట్టి వస్తున్నాం.

కొత్త ఏడాది పండగ భోజనానికి యూన్ సాంగ్ గిన్నె కూడా పెట్టాను. నా కొడుకు అడవిలోకి పోయాక వచ్చిన రెండో పండగ ఇది. సూక్ యిన్ భయపడింది. "అమ్మా, ఎవరన్నా చూస్తే మన పని అయిపోతుందే" అంది. "ఖాళీ గిన్నె మీద కూడా కర్ఫ్యూ ఉందేమిటే?" అన్నాను. నవ్వింది గానీ, తలుపు వేసి వచ్చింది.

ఇక అసలు సంగతి. మొన్న తోట మీద సర్కారు విమానం, అడవిలోవాళ్ళను లొంగిపొమ్మనే కాగితాలు జల్లింది. "అన్నం కుండ మూత తీసినప్పుడు ఆవిరికి కనురెప్పలు తడుస్తాయి, గుర్తుందా?" అని ఉంది ఒకదాని మీద. చదివి, చెట్టు మొదట్లో కూలబడి నవ్వాను. కాగితాల ఆఫీసులో పని అన్నావు గానీ ఏ కాగితాలో చెప్పలేదు. నాకు అక్షరాలు నేర్పింది నువ్వు. స్కూల్లో ఆ రోజు నేర్చుకున్నది పొయ్యి పక్కన బొగ్గుతో నేల మీద రాసి చూపించేవాడివి. నీ వాక్యం నేను పోల్చుకోలేకపోతే ఇంకెవరు పోల్చుకుంటారు?

వాణ్ణి బయటికి తీసుకురా థిన్ సెన్. పట్టుకోవడం కాదు, మోసుకురావడం కాదు. తన కాళ్ళ మీద తను నడిచి రావాలి. నువ్వు రాస్తే వస్తాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, అందుకే నోరు తెరిచి అడుగుతున్నాను.

నీ అక్క
చియు లాన్


కౌలాలంపూర్
ఫిబ్రవరి

అక్కయ్యకి,

దొరికిపోయాను. ఆఫీసులో ఇంతమంది ఉన్నారు, గూఢచారులను పట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళెవరికీ చేతకానిది నువ్వు రబ్బరు చెట్టు కింద కూర్చుని చేశావు.

నీకు చెప్పకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. చెప్పడానికి ఏముందనిపించింది. ఒక గది, ఒక ఫ్యాను, చల్లారిపోయిన టీ. యుద్ధం మధ్యలో ఉన్నానని నాకే అనిపించదు. మా కార్ల్టన్ దొర పెద్దమనిషి. "ఒక్క అబద్ధం రాస్తే, ఆ తర్వాత రాసే నిజాలన్నీ చస్తాయి" అంటాడు. అందుకే తిట్లు రాయం, బెదిరింపులు రాయం. కాగితం పిడికిట్లో పట్టేంత చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే అది జేబులో దొరికితే వాళ్ళ నాయకులు ఊరుకోరు. లొంగిపోయినవాడి ఫోటో వేస్తే వాడు కాస్త ఒళ్ళు చేసి కనబడాలి, కానీ మరీ నవ్వుతూ ఉండకూడదు. నవ్వే మనిషిని ఆకలితో ఉన్నవాడు నమ్మడు.

బయటికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఏ మాటకు మనసు కదిలిందని అడుగుతాం. ఒకతను, "మిగతా సోదంతా చదివి పారేశా సార్. ఆ అన్నం ఆవిరి సంగతి చదివాక మాత్రం ఇక అడవిలోకి కాళ్ళు సాగలేదు" అన్నాడు. ఆ మాట విని సంతోషించాను. కాసేపటికి, సంతోషించినందుకు ఏదోలా అనిపించింది. సాయంత్రానికి అదీ పోయింది. ఈ ఉద్యోగంలో అన్నీ సాయంత్రానికి పోతాయి.

యూన్ సాంగ్‌ను రప్పిస్తాను. పైన ఉరిమేది పిడుగు దేవుడు, కింద ఉరిమేది మేనమామ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. వాడి పెళ్ళిలో పెద్ద కుర్చీ నాది, ఆ కుర్చీ కోసమైనా రప్పించుకుంటాను.

నువ్వు చేయాల్సింది ఒకటే. వాడి సంగతులు నాకు రాయి. ఊరందరికీ తెలిసినవి వద్దు, తల్లికి మాత్రమే తెలిసినవి కావాలి. ఏం తినేవాడు, దేనికి భయపడేవాడు, తిడితే ఎక్కడికి పోయేవాడు. చిన్న చిన్న సంగతులే పనిచేస్తాయి.

తమ్ముడు
థిన్ సెన్


బుకిట్ సెరాయ్ కొత్త ఊరు
మార్చి

తమ్ముడికి,

నువ్వు అడిగావని రాద్దామని కూర్చుంటే వాడి సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కాగితం చాలదు.

అన్నం కుండ అడుగున అంటుకున్న మాడంటే వాడికి ప్రాణం. మంచి అన్నం వదిలేసి గరిటెతో గోకేవాడు. ఆ చప్పుడుకు నాకు పళ్ళు జివ్వుమనేవి. "మాడు తింటే మాడు మొహం పెళ్ళాం వస్తుందిరా" అని ఎన్నిసార్లు తిట్టానో. తిడితే పోయి నీళ్ళ కుండ వెనక నక్కేవాడు. అంత మనిషయ్యాక కూడా, కాళ్ళు బయటికి కనబడుతున్నా సరే, అక్కడికే పోయేవాడు. కప్పలంటే భయం. తుపాకీ పట్టుకున్నాడట, ఇప్పుడు కప్పల్ని ఏం చేస్తున్నాడో.

ఇంకొకటి ఉంది. వాడికి ముందు ఇద్దరు పిల్లలు పొత్తిళ్ళలోనే పోయారు కదా. వీడు పుట్టగానే మా అత్తగారు, మంచి పేరు పెడితే దయ్యాలకు కన్ను కుడుతుందని "కుక్కతోక" అని పిలవడం మొదలుపెట్టింది. కుక్కతోక ఏ దయ్యానికి కావాలి? అట్లా బతికాడు. బడికి పోయాక ఆ పేరంటే తల తీసేసినట్టుండేది. ఇంట్లో తప్ప ఎవరూ అనకూడదు. పక్కింట్లో టోఫూ అమ్మే ఆమె ఉంది కదా, లో ఇంటిపేరు పిన్ని, ఆమెకు మీ లిన్ అని కూతురు. అది ఒకసారి బావి దగ్గర ఆ పేరు పెట్టి పిలిస్తే, బొక్కెనెడు నీళ్ళు దాని నెత్తిన గుమ్మరించాడు. తర్వాత ఇద్దరూ స్నేహితులయ్యారనుకో. ఒకే వారంలో ఇద్దరూ ఊళ్ళో కనబడకుండా పోయారు. లో పిన్నీ నేనూ దాని గురించి మాట్లాడుకోం, టోఫూ గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదే మాట్లాడుకుంటాం.

ఆ పేరు మాత్రం కాగితంలో పెట్టకు. పదిమంది ముందు వాడి పరువు తీసినదాన్నవుతాను. తల్లి దగ్గరి నుంచే వచ్చిందని ఎప్పుడైనా ఆనవాలు కావాల్సి వస్తుందేమోనని, నీ దగ్గర ఉంచుకోమని రాశాను.

అక్క


కౌలాలంపూర్
మార్చి

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ చదివి, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తర్వాత కూర్చుని రాశాను. ఇదిగో, అచ్చుకు పోయింది ఇదే:

"మాడు కుండ అడుగునే ఉంది. ఎవరూ గోకలేదు. నీళ్ళ కుండ వెనక నీ చోటు ఖాళీగా ఉంది. తిట్టను. రా."

అంతే. వెనకవైపు ఏ దారిన రావాలో, చేతులు ఎట్లా పైకెత్తాలో గీసిన బొమ్మ. నీ పేరు లేదు, వాడి పేరు లేదు, మీ ఊరి పేరు లేదు. మీ ఊళ్ళో అడవివాళ్ళ మనుషులు కూడా ఉంటారు, నీ ఇంటి మీదికి రాకూడదు. కార్ల్టన్ దొర అనువాదం చేయించుకుని విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఎవరికి రాశావు?" అన్నాడు. "అందరికీ" అన్నాను. వచ్చే వారం ఆయన స్వదేశానికి వెళ్ళిపోతున్నాడు. ఆయన కుర్చీలోకి విట్లీ అని ఇంకో దొర వస్తాడట.

చాలా రోజుల తర్వాత ఒక పని చేసినట్టనిపించింది. ఆ రాత మీద సంతకం పెట్టుకునే వీలుంటే పెట్టుకునేవాణ్ణి.

తమ్ముడు


బుకిట్ సెరాయ్ కొత్త ఊరు
మార్చి చివర

తమ్ముడికి,

నీ కాగితాలు పడ్డాయి. తోటలో ఆడవాళ్ళందరం తలో చెట్టు దగ్గర గాట్లు పెడుతున్నాం. ఒకామె తీసి చదివింది, ఇంకొకామె చదివింది, ఆ తర్వాత కత్తుల చప్పుడు ఆగిపోయింది. అది తన కొడుకు కోసమే రాశారని ప్రతి తల్లీ అనుకుంది. మాడు తినని పిల్లాడు ఏ ఇంట్లో లేడు చెప్పు! నాకు కాస్త అసూయ వేసింది. మావాడిది తెచ్చి ఊరందరికీ పంచావు.

లో పిన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. "ఇది రాసినవాడి నోట్లో పంచదార పొయ్య" అంది. అంతలోనే, "వాడి చెయ్యి పడిపోను, కడుపులో చెయ్యి పెట్టి దేవేశాడు" అని కళ్ళు ఒత్తుకుంది. నీకు పంచదార కావాలో, చెయ్యి కావాలో తేల్చుకో.

ఇంకో సంగతి. సమాధులు ఊడ్చే పండగ వస్తోంది కదా. ఆ రోజు ఒక మనిషికి ఎక్కువ వండుతున్నాను. ఎవరికని అడగకు. ఊరబెట్టిన ఆవాకు జాడీలో సిద్ధంగా ఉంది, కొవ్వున్న పంది మాంసం ముక్క ముందే చెప్పిపెట్టాను. సూక్ యిన్ చాప దులిపి ఎండలో వేసింది. ఇంత సంతోషంగా ఉన్నది చూసి నాకే భయం వేస్తోంది, అందుకే ఇరుగుపొరుగు ముందు మొహం మాడ్చుకుని తిరుగుతున్నాను.

గేటు దగ్గర ఈ ఉత్తరం చదివే అయ్యగారికి: ఇది వంట సంగతి.

నీ అక్క
చియు లాన్


కౌలాలంపూర్
మార్చి చివర

అక్కయ్యకి,

ఉత్తరం అందింది. అర్థమైంది. అంతకంటే రాయను.

ఒక చొక్కా పంపుతున్నాను. కొలత తెలియక కాస్త పెద్దది తీసుకున్నాను. పాల డబ్బాలు కూడా ఉన్నాయి, అడవికి చేరకుండా వాటిని గేటు దగ్గర చిల్లు పొడిచి ఇస్తారు, వెంటనే వాడేయి.

ఇక్కడ పని పెరిగింది. విట్లీ దొర వచ్చాడు. నిజం మంచిదే గానీ నిదానం అంటాడు. మనుషులను బయటికి పిలిచే కాగితాలు తగ్గించాం. ఇప్పుడు వేరే రకం రాస్తున్నాం. నీకు ఆసక్తిగా ఉండవు. పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట. రాసింది తిరిగి చదివే తీరిక లేదు. ఇంటికి వచ్చి అన్నం తింటే ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలియడం లేదు. నీరసం అన్నాడు డాక్టరు.

పండగకు రాలేను. నా బదులు నాన్న సమాధి దగ్గర ఒక కప్పు టీ పొయ్యి.

తమ్ముడు


బుకిట్ సెరాయ్ కొత్త ఊరు
ఏప్రిల్

థిన్ సెన్‌కి,

పండగ వెళ్ళిపోయింది. పోలీసుల కాపలాలో పోయి గడ్డి పీకి వచ్చాం. నాన్నకు నీ టీ పోశాను. వండింది మిగిలిపోయింది. మర్నాడు వేడి చేసుకుని తిన్నాం. పారేయడం నాకు చేతకాదు.

వాడు రాలేదు. మీ లిన్ వచ్చింది.

ఒక్కతే నడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చి, చేతులెత్తి నిలబడిందట. లో పిన్నితో పాటు నన్నూ పోలీసు స్టేషన్లోకి రానిచ్చారు. ఆ పిల్ల కాళ్ళ నిండా జలగలు పట్టిన పుళ్ళు. నన్ను చూసి గోడ వైపు తిరిగింది.

"యూన్ సాంగ్ ఏడే?" అన్నాను.

"నన్ను కొట్టు అత్తా."

"ఎందుకే నిన్ను కొట్టడం?"

"నేను నవ్వాను అత్తా."

అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. వాగు దగ్గర కొత్త కాగితాలు పడ్డాయట. అక్కడ అందరూ ఎవరికి వాళ్ళు చదవకూడదు, నాయకుడి చేతికివ్వాలి. ఆయనకు చూపు ఆనక, గబగబా చదువుతుందని దీని చేతికిచ్చాడు. "కుక్కతోక మాతో మాట్లాడుతున్నాడు. అతను ఇంకా మీ మధ్యనే ఉన్నాడు. మీ మకాం ఎక్కడో, మీకు బియ్యం ఎటు నుంచి వస్తోందో అతనే చెబుతున్నాడు" అని ఉందట.

"చదువుతుంటే నవ్వు తన్నుకొచ్చింది అత్తా. ఎన్నేళ్ళయిందో ఆ పేరు విని. 'ఒరేయ్, నీ పేరు సర్కారు దాకా పోయిందిరా' అన్నాను. ఆడూ నవ్వాడు. మొహమంతా ఎర్రబడిపోయి, నన్ను కొడతానని చెయ్యి ఎత్తి నవ్వాడు. ఇటు తిరిగి చూద్దును గదా, నవ్వుతోంది మేమిద్దరమే."

నాయకుడు వాణ్ణి కూర్చోబెట్టి అడిగాడట. ఆ పేరు ఎవరికి తెలుసు? మా అమ్మకి, మా మావయ్యకి. మీ మావయ్య ఏం చేస్తాడు? కాగితాల ఆఫీసులో పని. ఆ మాట దాచాలని కూడా తెలియలేదు వాడికి. పైగా నీ తరఫున వాదించాడట. "మా మావయ్య ఇలాంటివి రాయడు. ఆయన రాసేది ఇట్లా ఉంటుంది" అని చొక్కా మడతలోంచి మొదటి కాగితం తీసి చూపించాడట. మాడు సంగతి ఉన్నది. దాన్ని దాచుకున్నాడు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ కాగితం మీ మావయ్యే రాశాడు, నమ్ము, పండగకు రా అని వాడికి కబురు పెట్టింది నేనే. ఎట్లా పెట్టానన్నది అనవసరం. వస్తానని తిరుగు కబురు కూడా వచ్చింది.

మర్నాడు కర్రపెండలం తవ్వాలని ముగ్గురు వాణ్ణి వెంటబెట్టుకుపోయారు. ఇద్దరికి సరిపడా దుంపలు కూడా తేకుండా తిరిగొచ్చారు, వాడు రాలేదు. మీ లిన్ ఆ పూటే పారిపోయింది.

అది వెక్కి వెక్కి ఏడుస్తుంటే నేనే తల నిమిరాను. అది చిన్నపిల్ల. నవ్వొచ్చింది, నవ్వింది. నవ్వినందుకు ఎవరైనా ఏం చేస్తారు?

ఆ రెండో కాగితం మా తోటలోనూ పడింది. లో పిన్ని టోఫూ పొట్లాలకని ఏరి తెచ్చుకుంది. అడిగి తెచ్చుకుని చదివాను. అందులో నీ వాక్యం ఒక్కటి కూడా లేదు. ఎవరు రాసినా అట్లాగే ఉంటుంది. అందుకే అడుగుతున్నాను. ఇది నువ్వు రాసింది కాదని రాయి. ఒక్క ముక్క చాలు.

అక్క


కౌలాలంపూర్
మే

అక్కయ్యకి,

నేనే రాశాను.

వాళ్ళు ఒకరినొకరు అనుమానించుకునేట్టు ఏదైనా కావాలన్నాడు విట్లీ దొర. ఏ మకాంలో చదివితే ఆ మకాం వాళ్ళు, ఆ మనిషి తమలోనే ఉన్నాడనుకోవాలి. అట్లాంటి మనిషి ఎవరూ లేరు, ఊరికే కల్పన. "పేరు పెట్టు. పేరుంటే నమ్ముతారు. కానీ అందరికీ ఉండే పేరు వద్దు, ఎవరో ముద్దుగా పిలుచుకునేట్టుండాలి" అన్నాడు. చేతికి అదే వచ్చింది. అడవిలో ఆ పేరు ఎవరికీ తెలియదు, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను. అనుకున్నానో లేదో కూడా చెప్పలేను. రాసి పక్కన పెట్టి, తర్వాతది తీసుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక, నువ్వు మార్చిలో రాసింది తీసి చూశాను. అంతా అందులోనే ఉంది. ఆ పేరు పెట్టవద్దని ఉంది. మీ లిన్‌కు తెలుసని ఉంది, ఇద్దరూ ఒకే వారంలో వెళ్ళారనీ ఉంది. నేను అవన్నీ చదివాను. కిటికీ దగ్గర నిలబడి మరీ చదివాను. అందులోంచి మాడు తీసుకున్నాను, నీళ్ళ కుండ తీసుకున్నాను, మిగిలినవి సామానులాగా ఎక్కడో పడి ఉండిపోయాయి. అవసరమైనప్పుడు చెయ్యి పెడితే ఆ పేరు తగిలింది. ఎక్కడిదో చూసుకోలేదు.

ఏడుపు రావడం లేదు. వస్తే నీకు రాసేవాణ్ణి. ఆఫీసుకు వెళ్తున్నాను, కూర్చుంటున్నాను. విట్లీ దొరకు చెప్పాను, అది నా మేనల్లుడని. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. తర్వాత, "మీ అక్క మైకు ముందు మాట్లాడుతుందా?" అని అడిగాడు.

వాళ్ళవాళ్ళే వాణ్ణి చంపారు కదా, ఆ మాట ఒక తల్లి నోట వినబడితే ఇంకా ఎంతోమంది బయటికి వస్తారని ఆయన లెక్క. గొంతు రికార్డు చేసి, విమానానికి కట్టిన మైకుల్లో అడవి మీద వినిపిస్తారు. కాగితం కంటే గొంతు దూరం పోతుంది. అది నిజమే. లో పిన్నికి కూతురు దక్కినట్టే ఇంకొకరికి దక్కవచ్చు. నేను కాదని చెప్పి ఉండాల్సింది. అక్కను అడిగి చెబుతానన్నాను. ఏం మాట్లాడాలో కూడా నన్నే రాయమన్నారు. రాశాను, ఈ కవరులోనే ఉంది.

థిన్ సెన్


బుకిట్ సెరాయ్ కొత్త ఊరు
జూన్

థిన్ సెన్‌కి,

మీవాళ్ళు యంత్రం తీసుకుని వచ్చారు. స్కూలు గదిలో కూర్చోబెట్టారు. చక్రాలు తిరుగుతుంటే తమాషాగా ఉంది.

వాళ్ళతో వచ్చిన దుబాసీ మంచివాడే. "కాస్త ఏడిస్తే బాగుంటుందమ్మా" అన్నాడు. రాలేదు. "పోనీ, నెమ్మదిగా మాట్లాడండి, అదే చాలు" అన్నాడు. నువ్వు రాసిచ్చింది చదవలేదు. బాగానే రాశావు. కనురెప్పలు, ఆవిరి, అన్నీ తిరిగి వచ్చాయి. మడిచి పొయ్యిలో పెట్టాను.

నా మాటలు నేనే చెప్పాను. "మీ అమ్మలు ఎదురు చూస్తున్నారు, రండి" అన్నాను. "ఆకాశం నుంచి పడిన కాగితం మీద మీ పేరు కనబడితే నవ్వకండి, ఎవరూ నవ్వకండి" అన్నాను. రెండో మాట తీసేస్తారట. తీసేయనీ. మొదటి మాట విని ఒక్క పిల్లాడు వచ్చినా, వాడికి ఒక అమ్మ ఉంటుంది. అందుకే మాట్లాడాను, నువ్వు అడిగావని కాదు.

వాడి ఒళ్ళు దొరకలేదు. దొరకదని కూడా చెప్పారు. నేను పనికి పోతున్నాను. చెట్లకు గాటు పెడితే పాలు కారుతున్నాయి. తింటున్నాను, పడుకుంటున్నాను. లో పిన్ని రోజూ టోఫూ పెట్టి పోతోంది, ఆమెకు నా మొహం చూడడం కష్టంగా ఉంది. మీ లిన్‌ను వాళ్ళింటికి పంపారు. గట్టిగా నవ్వేది ఆ పిల్ల. ఇప్పుడు ఆ ఇంట్లో చప్పుడే లేదు.

నువ్వు కావాలని చేయలేదు. ఆ సంగతి నాకు తెలుసు, నిన్ను శపించడం లేదు. కావాలని చేసినవాడి మీదైతే కోపం వస్తుంది, అరిచి, కొట్టి, తేల్చుకుంటాం. నీ మీద ఏమీ రావడం లేదు. నీకు ఉప్పు తెలియడం లేదన్నావు, నాకు తమ్ముడున్నట్టు తెలియడం లేదు.

అమ్మ పోయినప్పుడు నువ్వు చిన్నవాడివి, గుర్తుందో లేదో. శవపెట్టె మూయకుండా నాన్న గుమ్మంలో కూర్చున్నాడు. ఆడది పోతే ఆమె తోడబుట్టినవాడు రావాలి. ఆమె మొహం చూడాలి. మెట్టినింట్లో నా తోబుట్టువుకు ఏ అన్యాయమూ జరగలేదని పదిమందిలో ఒప్పుకుని, మొదటి మేకు తను కొట్టాలి. అప్పుడే పెట్టె కదలాలి. మన మేనమామ వానలో తడుస్తూ వచ్చి, అమ్మ మొహాన్ని చాలాసేపు చూసి, సుత్తి తీసుకున్నాడు. అప్పుడు గానీ నాన్న గుమ్మంలోంచి లేవలేదు.

నేను పోయిన రోజు నీకు కబురు వస్తుంది. అది సూక్ యిన్ ధర్మం, చేయమనే చెప్పాను. నువ్వు రానక్కరలేదు. నాకు ఏ అన్యాయమూ జరగలేదని నువ్వు ఎట్లా చెబుతావు?

మేకు సూక్ యిన్ కొడుతుంది. ఆడపిల్ల కొట్టడం ఎక్కడా లేదని లో పిన్ని అంటోంది. నిన్న పెరట్లో ఒక పాత పలక వేసి, సుత్తి ఎట్లా పట్టుకోవాలో దానికి నేర్పాను. మొదట వేలి మీద కొట్టుకుంది. తర్వాత తిన్నగానే దిగింది.

చియు లాన్